మూడు పావుల గది

చదరంగం క్లబ్బు మేడ మీద ఆ వెనక గదికి మంచి పేరు లేదు. చదరంగం చిక్కులు కట్టే ముసలాయన ఒకాయన, ఆఖరి చిక్కు పేర్చుకుని, ఎదురు కూర్చునే మనిషి కోసం చూస్తూ చూస్తూ అక్కడే పోయాడట. పగలు కూడా అటు ఎవరూ పోరు.

మా బావ పోయాడు. పోక తప్పుతుందా, తాళాల మేస్త్రీ కదా. అక్కతో ఆయన చెప్పిందే నేను చెబుతున్నా. చదరంగం చిక్కులంటే బావకు పిచ్చి. జవాబు తట్టిందంటే పైకి అనెయ్యాల్సిందే... నోట్లో నువ్వుగింజ నానదు.

గది గడియ బాగుచెయ్యడానికి సాయంత్రం వెళ్ళాడు. కాపలాదారు మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"బల్ల జోలికి పోకు అన్నా."

బావ లోపల అడుగుపెట్టాడు— వెనకే తలుపు పడింది. గడియ ఊడదీశాడు. మరలన్నీ ఊడదీశాడు. తలుపు కదల్లేదు. అరిచాడు... కిందికి వినపడలేదు. ఊళ్ళో ప్రతి తాళమూ తెరిచే మనిషి చీకట్లో టార్చి పట్టుకుని, దగ్గరున్న కుర్చీలో కూలబడ్డాడు.

ఎదురుగా బల్ల మీద మూడే పావులు. తెల్లరాజు. చివరి గడికి ఒక్క అడుగు దూరంలో తెల్లబంటు. అంచున నక్కిన నల్లరాజు.

అంతే, బావ భయం సగం పోయింది. చివరి గడి చేరిన బంటును ఎవరైనా మంత్రిని చేస్తారు. ఇక్కడ మంత్రి వస్తే మాత్రం నల్లరాజుకు కదలడానికి గడే ఉండదు. అప్పుడు ఆట సమం, రాజు బతికిపోతాడు. మంత్రి వద్దు... ఏనుగు కావాలి. అప్పుడు రాజుకు ఒక్క గడి మిగులుతుంది. అందులోకి పోయాడా, తర్వాతి ఎత్తుకే ఆటకట్టు.

"ఏనుగు," అన్నాడు మురిసిపోతూ.

టక్.

బంటు లేదు. చివరి గడిలో తెల్ల ఏనుగు నిలబడి ఉంది. ఆ చివరి వరస— బావ పొట్ట దగ్గరే ఉంది. చిక్కులు విప్పేవాళ్ళకు ఎప్పుడూ తెలుపు వైపు నుంచే ఆలోచించడం అలవాటు. తాను నలుపు వైపు కూర్చున్నానని బావ చూసుకోలేదు. జవాబు ఎదుటివాడికి అందించాడు.

ఎదురు కుర్చీ కిర్రుమంది... ఎత్తు బావదే.

నల్లరాజును పట్టుకున్నాడు. పట్టుకున్నాక గుర్తొచ్చింది, ముట్టుకున్న పావును ఆడి తీరాలి.

ఎంతకీ దిగిరాలేదని కాపలాదారు పైకొచ్చి తోస్తే, తలుపు సులువుగా తెరుచుకుంది. బావ రాజును పిడికిట్లో పట్టుకునే ఇంటిదాకా పరుగెత్తాడు. చొక్కా కూడా ఒంటిచేత్తోనే మార్చుకున్నాడు.

"కింద పెడితే ఎత్తు వేసినట్టేనే," అన్నాడు అక్కతో గుసగుసగా.

అక్క నవ్వింది. పాపం, చెయ్యి తిమ్మిరెక్కుతుందని, ఆయన నిద్రపోయాక ఒక్కో వేలూ మెల్లగా విడదీసి, రాజును తీసి మంచం మీదే పక్కన పెట్టింది.

పొద్దున్నే అక్క కేక విని నేను పరుగెత్తాను. మంచం మీద పరిచింది గళ్ళ దుప్పటి. ఒక గడిలో నల్లరాజు. అదే వరసలో ఇంకో గడిలో, ఎక్కడినుంచి వచ్చిందో, తెల్ల ఏనుగు.

అక్క బావను లేపుతూనే ఉంది.