బరకం రెండో కొస

ఒక ప్రశ్న అడుగుతాను, చెప్పండి. వాకిట్లో పరిచి ఉన్న ఆ బరకం మడవాలంటే ఎంతమంది కావాలి?

బరకమంటే తెలీదా బిందూ... ధాన్యం మీద కప్పే నీలం పట్టా. సాత్విక్, ఫోనులో వెతకక్కర్లేదురా, గుమ్మం దాటి చూస్తే కనిపిస్తుంది. ఇద్దరు కావాలి. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస. ఇందాకటి నుంచి మీ నానమ్మ ఒక కొస పట్టుకుని మీ ఇద్దర్నీ పిలుస్తోంది. ఒకరికి చీకటి, ఒకరికి దోమలు. గుంటూరులో ఆ రెండూ ఉండవనుకుంటాను.

సరే, పని సగంలో ఉండనీ. కూర్చుని పాఠం చెబుతాను, అది నాకు అలవాటే.

మన ఊరి నుంచి రేపల్లె వైపు వెళితే హైవే మీద మురుగు కాలువ వంతెన వస్తుంది కదా. అది దాటగానే రోడ్డు మలుపు తిరుగుతుంది. దాని పేరు ఎజ్రా మలుపు. పొద్దు గుంకాక అక్కడ బండి ఆపకూడదు, హారను కొట్టకూడదు, ఎవరు పిలిచినా పలకకూడదు. ఈ నియమాలు ఎవరు పెట్టారు? ఆగకుండా పోయినవాళ్లే.

చూసినవాళ్లకి కొదవ లేదు. బాపట్ల నుంచి వస్తూ ఒకాయన చూశాడు — దెయ్యానికి తల లేదట. తెనాలి ఆయన చూశాడు — తల ఉంది గాని పాదాలు వెనక్కి ఉన్నాయట. సూర్యలంకలో స్నానం చేసి, స్నానంతో పాటు ఇంకేదో కూడా చేసి వస్తున్న కుర్రాళ్లు మాత్రం ఒకటి కాదు, రెండు దెయ్యాలన్నారు. ఆ రాత్రి వాళ్లకి అన్నీ రెండేసి కనిపించి ఉంటాయిలే.

ఒక్క విషయంలో మాత్రం అందరి జవాబూ ఒకటే, పక్కవాడి పేపరు చూసి రాసినట్టు. దెయ్యం ఒకే మాట అంటుందట —

"ఓ చెయ్యి వెయ్యండి..."

రక్తం అడగదు. కోడిని అడగదు. లిఫ్టు కూడా అడగదు.

ఇంకో సంగతి. ఆ మలుపులో మోటారు సైకిళ్లు జారి పడేది డిసెంబరులోనే. జూన్‌లో పడవు, ఆగస్టులో పడవు. దెయ్యానికి కూడా సీజను ఉంటుందా అని మీ విష్ణువర్ధన్ బాబాయ్‌ని అడిగాను. మంచుకాలంలో వాటికి బలం ఎక్కువమ్మా అన్నాడు. ఎమ్మెస్సీ చదివాడు వాడు.

డిసెంబరులో మనవాళ్లు ఏం చేస్తారు? కోసిన ధాన్యాన్ని హైవే మీద ఆరబోస్తారు. సగం రోడ్డు ధాన్యానిది, మిగిలిన సగం మనుషులది. చుట్టూ రాళ్లు పేరుస్తారు. గింజల మీద చక్రం పడితే ఏమవుతుంది? జారుతుంది. కరెక్టు. దానికి దెయ్యం అక్కర్లేదు.

మరి ఎజ్రా ఎవరు?

పక్క పేటలో కౌలు రైతు. వాళ్లమ్మాయి హెలెన్ నా దగ్గరే చదివింది. మనిషి నెమ్మది గాని ధాన్యం కప్పడంలో మహా చాదస్తం. అందరూ దగ్గరున్న కొస నుంచి కప్పుకొస్తారా, అతను మాత్రం గాలి ఎటు నుంచి వస్తుందో అటు ముందు రాళ్లు పెట్టేవాడు. తర్వాతే మిగతా వైపులు. పేటలో వెక్కిరించేవాళ్లు కూడా.

ఒక ఏడు ఆ మలుపులో ధాన్యానికి కాపలా ఉన్నాడు. గాలీ వానా వచ్చింది. బరకం ఒక్కడి వల్ల కాలేదు. వచ్చే బండికీ పోయే బండికీ చెయ్యెత్తి పిలిచాడు — ఓ చెయ్యి వెయ్యండి అని. అందరికీ అర్జెంటు పనులే. ఎవరూ ఆగలేదు.

ఆఖరున వచ్చిన లారీ కూడా ఆగలేదు.

అదీ ఎజ్రా కథ. ఆ రాత్రి ఆగకుండా పోయినవాళ్లకే తర్వాత అతను దెయ్యమై కనపడ్డాడు. విచిత్రం చూశారా.

ఇక మీ బాబాయ్ సంగతి. వాడు చెప్పిన కథ మీరు వినే ఉంటారు, అందులో వాడు వీరుడు. ఇది మీ ఉషశ్రీ పిన్ని చెప్పగా, టీకొట్టు మత్తయి చెప్పగా నేను అతుకు వేసింది.

మూడేళ్ల కిందట. మన పంటంతా ఆ మలుపులోనే పోశాం. ఎందుకంటే చోటు అక్కడే ఖాళీ, మిగతావాళ్లకి భయం. మర్నాడు కాటా. గింజలో తేమ పదిహేడు శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో బస్తా ముట్టుకోరు. ఒక్క వాన తగిలితే గింజ మొలకెత్తుతుంది. మొలకెత్తిన ధాన్యాన్ని కోళ్లు సంతోషంగా తీసుకుంటాయి, డబ్బులివ్వవు. ఏడాది కష్టం రోడ్డు మీద పడి ఉందన్నమాట.

అలాంటి రోజున మీ బాబాయ్ తెనాలి వెళ్లాడు. బుల్లెట్టుకి సైలెన్సరు మార్పించడానికి. పాతది సరిగ్గా అరవడం లేదట.

సాయంత్రానికి మబ్బు పట్టింది. కాపలా మనిషి తన కుప్ప కప్పుకోవడానికి పరిగెత్తాడు. నేను వెళదామంటే మోకాళ్లు ఒప్పుకోలేదు. ఉషశ్రీ ఒక్కతే వెళ్లింది. వెళుతూ ఫోను చేస్తే, వస్తున్నా వస్తున్నా అన్నాడు. మన ఇళ్లల్లో ఆ మాటకి అర్థం ఇంకా బయల్దేరలేదని.

వాడు రేపల్లె దాటేసరికి చీకటి... గాలి. రోడ్డు మీద నరమానవుడు లేడు. అటూ ఇటూ కోసిన చేలు, దూరంగా రొయ్యల చెరువుల దగ్గర ఒకటో రెండో లైట్లు. పగలంతా ఎజ్రా మలుపు గురించి జోకులేసినవాడికి అప్పుడు దేవుడు గుర్తొచ్చాడు. తలుచుకుందామంటే శ్లోకం మొదటి పాదమే వచ్చు. దాన్నే తిప్పి తిప్పి చదువుకుంటూ మలుపు తిరిగాడు.

తిరగ్గానే —

రోడ్డు పైకి లేచింది.

నల్లగా... మనిషికి రెండింతలు ఎత్తున... ఊపిరి తీసుకుంటున్నట్టు ఉబ్బుతోంది, తగ్గుతోంది. తల లేదు. కింద మాత్రం రెండు కాళ్లు. గాలిలోంచి ఏడుపులాంటి గొంతు —

"ఓ చెయ్యి... వెయ్యండి..."

అంత ఖర్చు పెట్టి అరిపించిన బండి సరిగ్గా ఆ క్షణాన నోరు మూసుకుంది. మీ బాబాయ్ తాళం తియ్యలేదు, లైటు ఆర్పలేదు. బండి అక్కడే వదిలేసి, నెత్తిన హెల్మెట్టుతో, వచ్చిన దారినే పరుగు. మత్తయి టీకొట్టు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. అక్కడ బల్ల మీద కూర్చోమంటే బల్ల కింద కూర్చున్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఆ లేచింది ఏంటి?

బరకం. ఆ కాళ్లు? మీ ఉష పిన్నివి. గాలి బరకాన్ని ఎత్తి విసురుతుంటే ఒక కొస పట్టుకుని వేలాడుతోంది పిల్ల. బుల్లెట్టు చప్పుడు వినపడగానే ప్రాణం లేచొచ్చి, చెయ్యి వెయ్యండీ అని కేకేసింది. అగ్నిసాక్షిగా చేసుకున్న పెళ్లాం గొంతు, అగ్ని లేని చోట గుర్తుపట్టలేకపోయాడు మహానుభావుడు.

నవ్వండి, నవ్వండి. నేనూ ఇక్కడిదాకా నవ్వాను.

ఆ రాత్రి వాన కుండపోతగా కురిసింది. ధాన్యం మాత్రం గింజ తడవలేదు.

ఉషశ్రీ చెప్పింది ఇది. బండి వచ్చి ఆగింది. లైటు కళ్లలో పడుతోంది, అవతల ఎవరున్నదీ నీడలా తప్ప తెలీదు. ఇంతలో రెండో కొస బిగిసింది. ఎవరో పట్టి లాగారు. బరకం కిందికి దిగింది. అవతలి మనిషి ముందు గాలి వైపు నడిచి, అటు రాళ్లు పెట్టుకుంటూ వచ్చాడు. తర్వాతే మిగతా వైపులు. అంచులు కుప్ప కిందికి మడిచాడు, నీరు లోపలికి పారకుండా. ఒక్క మాట లేదు. ఆలస్యంగా వచ్చాడు కదా, మాట్లాడటానికి మొహం చెల్లడం లేదనుకుంది. వాన జోరందుకునేసరికి తను బరకం మూల కింద దూరింది.

వాన తగ్గాక చూస్తే మీ బాబాయ్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు, తడిసి ముద్దయి.

"మీరు ఈ రాత్రి చేసింది చాలండి, జన్మంతా గుర్తుంటుంది," అంది కళ్లనీళ్లతో.

వాడు కప్పిన కుప్పని చూశాడు. భార్య మొహం చూశాడు. ఒక్కతే కప్పేసి, ఏదో మంచితనం కొద్దీ తనకి అంటగడుతోంది అనుకున్నాడు. "ఆఁ... అంతేగా," అన్నాడు. పొగడ్త దొరికితే ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగే అలవాటు మన ఇంటి మగవాళ్లకి లేదు.

ధాన్యం కాటా అయింది. ఇక చూడాలి మీ బాబాయ్ వైభోగం. పొద్దున్నే పెసరట్టు, అందులో ఉప్మా, అడక్కుండానే రెండోసారి కాఫీ. ఆదివారం దాకా సాగింది.

ఆదివారం చర్చి అయ్యాక మత్తయి వచ్చాడు. చేతిలో హెల్మెట్టు.

"బాబుగారండి, ఆ రాత్రి మా బల్ల కింద మర్చిపోయారండి. వాన జోరు తగ్గేదాకా వణుకుతూనే ఉన్నారు కదండీ, తగ్గిందాండీ జ్వరం?"

వంటింట్లో అట్లకాడ చప్పుడు ఆగిపోయింది.

ఇక ఇల్లు పీకి పందిరేస్తుందని నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టి కూర్చున్నాను. ఉషశ్రీ బయటికి వచ్చింది. కోప్పడలేదు. అట్లకాడ చేతిలో ఉండగానే మొగుణ్ణి అడిగింది —

"మరి గాలి వైపు రాళ్లు పెట్టిందెవరండీ?"

పెనం మీద అట్టు మాడిన వాసన.

మత్తయి భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. టీ ఇస్తానన్నా తాగకుండా వెళ్లిపోయాడు.

నేను ముప్పై ఏళ్లు పిల్లలకి దెయ్యాలు లేవని చెప్పినదాన్ని. దారినపోయే ఎవరో పుణ్యాత్ముడు ఆగి ఉంటాడన్నాను. ఆ రోడ్డు మీద ఆగే మనిషి ఉన్నాడంటే దెయ్యం కన్నా నమ్మశక్యంగా లేదే అత్తయ్యా అంది ఉషశ్రీ. నేను చిక్కుడుకాయలు మళ్లీ ముందుకు లాక్కున్నాను.

మీ బాబాయ్ మాత్రం మర్నాడే బండికి పాత సైలెన్సరు బిగించుకొచ్చాడు. ఇప్పుడు ఆ మలుపులో ఎవరు చెయ్యెత్తినా ఆగుతాడు. నోట్లో ఆ శ్లోకం మొదటి పాదం తిరుగుతూనే ఉంటుంది, అయినా ఆగుతాడు.

సరే, పాఠం అయిపోయింది. మంచు దిగుతోంది, బరకానికి బూజు పడుతుంది. నే వెళ్లి మడిచి వస్తాను.

ఏంటి బిందూ, వస్తావా? వద్దులే, దోమలు. నువ్వూ లేవకురా సాత్విక్, చీకటి. ఇద్దరు కావాలన్నాను గాని... ఇద్దరూ కనపడాలని అనలేదుగా.

నేను వెళ్లి ఈ కొస పట్టుకుంటాను.