కళ్ళు పెట్టని పుస్తకం

“రంగం బొమ్మలు వేస్తారా అండీ?” అంది సత్యశ్రీ.

“ఏ రంగైనా వేస్తానండి. పడవెక్కడుంది?” అన్నాడు శివాజీ.

అంతర్వేది రేవులో పడవలకి రంగులేసేవాడికి రంగం రంగులాగే వినబడుతుంది మరి! రంగమంటే రంగూన్. వెనకటి తరంవాళ్ళు ఓడెక్కి కూలికెళ్ళిన ఊరు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడితే అడవుల్లో నడిచి పారిపోయి వచ్చిన ఊరు.

సత్యశ్రీ బడిపంతులమ్మ. తారీఖులు చెబితే పిల్లలు తారుమారు చేసేస్తున్నారు. యుద్ధమనగానే “ఎవరు గెలిచారు టీచర్?” అనే అడుగుతున్నారు. అందుకే బొమ్మల పుస్తకం చెయ్యాలనుకుంది. కథ ఊళ్ళో ముసలావిడ వరహాలమ్మగారిది. నాలుగేళ్ళప్పుడు తండ్రి భుజాలెక్కి రంగం నుంచి బయల్దేరింది. తండ్రి మాత్రం దారిలోనే జ్వరంతో పోయాడు. ఆయన ఫోటో ఒక్కటీ లేదు.

నెల్లాళ్ళు సాయంత్రాలు ఆ కథ సత్యశ్రీ చెప్పింది, శివాజీ గీశాడు. ఒకరోజు జోరున వాన.

“వాన తగ్గిందండి,” అన్నాడు చాలాసేపటికి.

“ఆయ్, చూశాను,” అంది. ఇద్దరూ లేవలేదు.

బొమ్మల్లో ఎవరికీ కళ్ళు లేవు. చివర్లో పెడతాడులే అనుకుంది.

పుస్తకం చూపించే రోజొచ్చింది. పిల్లలు, అమ్మానాన్నలు, ముందు కుర్చీలో వరహాలమ్మగారు, పక్కన రంగులతో శివాజీ. సత్యశ్రీ పుస్తకం తెరిచింది.

“దెయ్యాలు టీచర్!” అని అరిచారు పిల్లలు. ఒక్కరికీ కళ్ళు లేవు.

“మామ్మగారిని కూచోబెట్టి ఎగతాళా అండీ? సగం పని తెస్తారా?” అంది సత్యశ్రీ శివాజీతో.

“పూర్తయిందండి.”

“కళ్ళేవి?”

“నేను పెట్టకూడదండి.”

ఆమె కళ్ళెర్రజేసింది. బొమ్మలకి లేనివన్నీ ఈవిడ దగ్గరే ఉన్నాయనుకుని శివాజీ తలవంచుకున్నాడు.

“మా ఇంట్లో ఆనవాయితీ అండి,” అన్నాడు మెల్లగా, అందరికీ వినబడేలా. “పడవకి రంగులన్నీ మేమే వేస్తాం. పడవ ముక్కు మీద గీసే కళ్ళు మాత్రం, నీళ్ళలో దించేరోజు, ఆ పడవగలవారింటి ఆడవాళ్ళే పెట్టాలి. మేం పెడితే పడవకి వాళ్ళిల్లు గుర్తుండదంటారు. ఈ నాన్నగారు మామ్మగారి మనిషి. నేనెక్కడ చూశానండీ ఆయన్ని?”

శివాజీ కుంచె చాపాడు. వరహాలమ్మగారు కుంచె అందుకుంది.

“మొహం నాకూ గుర్తులేదు నాయనా. చివరిసారి నన్ను భుజం మీంచి దింపి చూసేడే, ఆ చూపు గుర్తుంది.”

బొమ్మలో తండ్రి మొహం మీద కుంచె ఆనించింది. ఒక చుక్క పైకి, ఒక చుక్క కిందకి పడ్డాయి. తండ్రి కూతుర్ని చూశాడు.

“ఆ పాపకి ఆ రాత్రి అన్నమెవరు పెట్టేరు టీచర్?” అంది ముందువరసలో ఒక పిల్ల. ఎవరు గెలిచారని ఎవరూ అడగలేదు.

ఆఖరి పేజీలో పుస్తకం పట్టుకున్న ఒక టీచరు, పక్కన రంగుడబ్బాతో ఒకాయన. ఇద్దరికీ కళ్ళు లేవు. సత్యశ్రీ తన బొమ్మకి కళ్ళు పెట్టుకుంది.

“ఈయనకెవరు పెట్టాలండీ?”

“ఆ ఇంటి ఆడవాళ్ళేనండి. అమ్మ పోయాక మా ఇంట్లో...” శివాజీ రంగుడబ్బా చేతిలో తిప్పాడు. “ఎవరూ లేరండి.”

సత్యశ్రీ కుంచె రంగులో ముంచి, జాగ్రత్తగా రెండు చుక్కలు పెట్టింది.

“ఏం చేసిందర్రా?” అంది చూపు ఆనని వరహాలమ్మగారు.

సత్యశ్రీ అందరివైపూ తిరిగింది. బుగ్గలకి ఎవరూ వెయ్యని రంగు.

“ఆనవాయితీ మామ్మగారూ,” అంది.