మాట దూరే జాలీ

“పడమటెండకి ఎవరన్నా వసారా వేస్తారా?” అని రిత్విక్ అడగడం ఆ పొద్దున అది నాలుగోసారి. “ముందువైపు వేద్దామంటే కాదంటావు. మేడ మీదంటే అదీ వద్దంటావు. ఆ గోడ పక్కన, అంట్లు తోముకునే చోట ఎవరు కూర్చుంటారే?”

“నేను కూర్చుంటా,” అంది చార్విత, ఇడ్లీ రేకుల మీద తడిగుడ్డ పరుస్తూ.

“దోమల్తో కలిసి.”

“అందుకే గదా జాలీ కొట్టమంటున్నా.”

“జాలీ! ఊళ్ళో సగం ఇళ్ళకి గాలితెర బిగించిన చేతులివి. ఈ చేతుల్తో నా ఇంటికి నేనే జాలీ కొట్టుకుంటే నవ్విపోరూ?”

కోడలు సుబ్బులు చంటివాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. “మామయ్య అన్నదాంట్లో న్యాయం ఉందత్తయ్యా. వీడికి దోమంటే ఏందో కూడా తెలియదు.”

కొడుకు అప్పయ్య పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. అమ్మా నాన్నల తగువులో ఎటు మాట్లాడినా తనకే తగులుతుందని వాడికి చిన్నప్పుడే తెలిసింది. అప్పయ్య, సుబ్బులు అని పిల్లలకు పేర్లు పెట్టుకోవడం ముప్పయ్యేళ్ళ కిందట మొదలైన మోజు. చార్విత, రిత్విక్ లాంటివి ఇప్పుడు ముసలివాళ్ళ పేర్లు.

చీరాలలో గాలితెర లేని ఇల్లు లేదు. ప్రహరీ వెంబడి రెండు వేళ్ళ మందాన, కంటికి కనబడని గాలి గోడ. దాన్ని నడిపించడానికి గడప పక్కన కొబ్బరికాయంత తెరపెట్టె. మొదట్లో అది వడగాలినీ దుమ్మునీ దోమల్నీ ఆపేది. విషజ్వరాలు తగ్గాయి, జనం దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత అది సద్దును ఆపడం కూడా నేర్చుకుంది. బళ్ళ మోత వద్దంటే రాదు, కోయిల కావాలంటే వస్తుంది. ఏ గొంతు ఇంట్లోకి రావాలో, ఏది రాకూడదో ఇల్లాలు ఒక్క మాట చెబితే చాలు.

ఆ ఒక్క మాట చార్విత చెప్పింది. ఇంట్లో ఎవరికీ తెలియదు.

పక్కింటి నాజ్నీన్ ముప్పయ్యేళ్ళుగా రోజూ తొమ్మిదింటికి గోడ అవతల నుంచి “చారూ, ఏం కూర?” అని కేకేసేది. జవాబుగా ఇటు నుంచి ఒక గిన్నె అటు, అటు నుంచి ఒక గిన్నె ఇటు. నాజ్నీన్‌ది మసీదు మైకుతో పోటీపడే గొంతు. కిందటేడు మనవడు పుట్టిన కొత్తలో ఆ కేకకు చంటివాడు ఉలిక్కిపడి లేచేవాడు. రెండు రాత్రులు నిద్రలేని సుబ్బులు ముఖం చూసి, చార్విత తెరపెట్టె దగ్గరికెళ్ళి, “ఈ గొంతు కొన్నాళ్ళు రానివ్వకు,” అంది.

“ఎన్ని రోజులు?” అని అడిగింది పెట్టె.

“నేను చెప్పేదాకా.”

తర్వాత ఇరవై ఒకటో రోజు ఉయ్యాల పండగ వచ్చింది, వాడికి జలుబు వచ్చింది, ఆ మాట మరిచిపోయింది. కొన్నాళ్ళకు పక్కింటి కేక రావడం లేదని గమనించింది. నాజ్నీన్ అక్కకు కోపం వచ్చినట్టుందనుకుంది. ఉయ్యాలకు మొదటి పిలుపు తనకు కాక పెద్దాడబిడ్డకు వెళ్ళిందని అలిగి ఉంటుంది. అలగనీ. తనే ముందు పలకరించనీ. అక్కడ ఆమె రోజూ పిలుస్తూనే ఉంది. ఇక్కడ ఈమె ఆమె పిలవాలని కాచుకుని ఉంది. సంక్షేమ బజారులో ఎదురుపడినప్పుడు నాజ్నీన్ ఒక్కసారి అంది: “పిలిస్తే పలకవు. నానమ్మవయ్యాక పెద్దదానివయ్యావులే.” అది దెప్పిపొడుపే అనుకుంది చార్విత. ముఖం తిప్పుకుని చింతపండు బేరమాడింది.

రోహిణి కార్తె ఎండల్లో, భర్త బషీర్ గుంటూరు వెళ్ళిన రోజున, నాజ్నీన్ పెరట్లో కాలు జారి పడింది. సాయంత్రం ఆయన వచ్చేదాకా ఎవరూ చూడలేదు. అప్పటికే ప్రాణం పోయింది. ఆ పొద్దంతా చార్విత గోడకు ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుని మునగాకు దూసింది.

పోయినవాళ్ళ కోసం మూడో రోజు చదివే ఫాతెహా ప్రార్థన నుంచి వచ్చాక, గిన్నెలు సర్దుతుంటే, కిందటేడు తను అన్న మాట ఒక్కసారిగా గుర్తొచ్చి, అక్క గొంతు ఎన్నిసార్లు ఆపావని తెరపెట్టెను అడిగింది. అది ఎప్పటిలాగే తీయగా, అచ్చు పుస్తకంలాగా చెప్పింది: “మీరు వద్దన్న కంఠస్వరాన్ని ఇంతవరకు మూడు వందల యాభై రెండు సార్లు నిలిపివేశాను. చివరి దినమున ఉదయం పది గంటల నుండి పన్నెండు నలభై వరకు ముప్పది ఆరు సార్లు. ఈ ఏడాది మీ గృహ ప్రశాంతత ఎంతో బాగున్నది.”

ఆ రోజు నుంచే చార్విత పడమటి గోడ పక్కన జాలీ వసారా కావాలని పట్టుబట్టింది. అక్కడ వసారా వెయ్యాలంటే ఆ పక్క తెరను గోడ మీది నుంచి తీసి, ఇంటి దాకా వెనక్కి జరపాలి. అవతలి మాటకూ తనకూ మధ్య జాలీ తప్ప ఏమీ ఉండకూడదు.

“చివరికి నీ మాటే నెగ్గించుకుంటావు,” అని రిత్విక్ వారానికి దిగొచ్చాడు. కాగితం మీద గీత గీశాడు. పన్నెండడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఆరు సరుగుడు గుంజలు, పైన రేకు. అన్నీ దొరికాయి, జాలీ తప్ప. నలభయ్యేళ్ళుగా అడిగినవాళ్ళు లేక, అమ్మేవాళ్ళూ లేరు. చార్విత పేరాలలో తన మేనమామ ధీరజ్ ఇంటికి వెళ్ళింది. డెబ్భై దాటినా ఆయన మగ్గం దిగలేదు.

“దోమతెర గుడ్డా? మా తాత నేసేవాడే నైలాన్ దారంతో,” అని ఆయన సంబరపడ్డాడు. “ఒక్క మాట చెప్పు. గడి పెద్దదైతే దోమ దూరుద్ది. చిన్నదైతే గాలి ఆగుద్ది. నీకే గడి కావాలి?”

“గాలి సంగతి నాకెందుకు మామా. మాట దూరాలి.”

ముసలాయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగాడు. “మాటకి గడి కొలత నాకు తెలియదమ్మా. కాస్త వదులుగానే నేస్తాలే,” అన్నాడు.

గుంజలు పాతే రోజున బషీర్ స్టూలెక్కి గోడ మీద మోచేతులు ఆనించి చూస్తూ నిలబడ్డాడు. భార్య పోయాక ఆయన మనుషులు కనిపించిన చోటల్లా ఆగిపోతున్నాడు. “ఆ మూల గుంజ ఒరిగింది బావా, నీ నడుంలాగే,” అని రిత్విక్‌ను ఆట పట్టించాడు. గూటం అందించాడు, మేకులందించాడు. రిత్విక్ తెర వెనక్కి జరపడానికి ఇంట్లోకి వెళ్ళినప్పుడు ఆయన గొంతు తగ్గించాడు.

“చెల్లెమ్మా, నిన్నొక మాట అడగాలని. ఆ రోజు నువ్వు పెరట్లోనే ఉన్నావంట గదా. దాని కేకేమన్నా వినపడిందా నీకు?”

చార్విత చేతిలోని తాడును గుంజకు ఒక చుట్టు చుట్టింది.

“లేదన్నా,” అంది.

ఆయన కళ్ళు మూసుకుని, రెండు చేతులూ ముఖానికి రాసుకున్నాడు. “అల్లా దయ. దాని గొంతు నీకు తెలుసు గదా. ఒక్కసారి పిలిచినా నీకు వినపడేది. అంటే పడ్డ క్షణానే పోయింది. బాధపడలేదు. ఇన్నాళ్ళకి ఇవాళ అన్నం సయిస్తది నాకు.”

ఆయన స్టూలు దిగి వెళ్ళిపోయాడు. ఆమె ఆడింది అబద్ధం కాదు. చెవిన పడలేదన్నది నిజం. నిజమే చెప్పి ఒక మనిషిని ఇంతగా మోసం చెయ్యొచ్చని ఆమెకు అరవయ్యేళ్ళు వచ్చేదాకా తెలియలేదు. ఆయన అన్నం తింటున్నాడు. ఆ అన్నం తన మోసమే పెడుతోంది. చెప్తే ఆ ముద్ద ఆయన నోటి దగ్గర ఆగిపోతుంది. చెప్పకపోతే, ముప్పయ్యారు సార్లు పిలిచిన మనిషి ఒక్కసారి కూడా పిలవలేదని లోకంలో మిగిలిపోతుంది.

ధీరజ్ మామ నేసిన జాలీ మంచు రంగులో వచ్చింది. రిత్విక్ చెక్క పట్టీలు పెట్టి, ఎక్కడా ముడత లేకుండా లాగి బిగించాడు. నవ్విపోతారన్న మనిషే, సాయంత్రం పూట నిలబడి నాలుగు వైపుల నుంచీ చూసుకున్నాడు.

నలభయ్యో రోజు ఫాతెహాకు ముందురోజు సాయంత్రం అందరూ కొత్త వసారాలో చేరారు. బయట సన్నటి తుంపర. జాలీకి అవతల దోమలు గీ పెడుతున్నాయి. చంటివాడు ఆ సద్దు ఎప్పుడూ విననివాడు, నోరు తెరుచుకుని వింటున్నాడు. తడిమట్టి వాసనా, ఎవరింట్లోనో వేగుతున్న ఉల్లిపాయల వాసనా వచ్చాయి.

“బాగానే ఉంది,” అన్నాడు అప్పయ్య టీ గ్లాసు పట్టుకుని. “మనింటి చుట్టూ ఇంత సందడి ఉందా?”

గోడ అవతల బషీర్ దగ్గాడు. ఆ వెంటే చెంబు కింద పెట్టిన చప్పుడు, ఆయన లోపలికెళ్ళి తలుపేసుకున్న చప్పుడు. అంతా పక్కన కూర్చున్నట్టే వినపడింది.

“అమ్మో, ఇంత దగ్గరా?” అంది సుబ్బులు. “అయితే ఆ రోజు పెద్దమ్మ అరిచి ఉంటే—”

“అరిచింది,” అంది చార్విత.

ఆమె గొంతు పెంచలేదు. పెట్టెతో తను అన్న మాట, మరిచిపోయిన సంగతి, పెట్టె చెప్పిన లెక్క, గోడ దగ్గర బషీర్‌తో అన్న “లేదన్నా”, అన్నీ వరసగా చెప్పింది. సుబ్బులు చంటివాణ్ణి గుండెకు అదుముకుని ఏడవడం మొదలుపెట్టింది.

“నీదేం లేదే. నిద్రలేక నువ్వు అవస్థపడ్డావంతే, మాట అన్నది నేను.”

“ఇప్పుడు చెప్పి ఏం లాభం?” అన్నాడు రిత్విక్. ఆయన చేయి కొత్త చెక్క పట్టీ మీదే ఉండిపోయింది. “ఆ ముసలాడు కాస్త కుదుటపడ్డాడు. ఉన్న ఒక్క ఊరటా లాగేసుకుంటావా? జన్మలో మన గడప తొక్కడు.”

“తొక్కకపోనీ. అక్క పిలిచిందని ఆయనకి తెలియాలి.”

“తిడతాడే. శాపనార్థాలు పెడతాడు.”

చార్విత లేచి, ఖాళీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంది.

“రేపు ఫాతెహా అయ్యాక అన్నకి చెప్పేస్తాను,” అంది. “ఆ తర్వాత రోజూ పొద్దున్నే తొమ్మిదింటికి ఇక్కడే కూర్చుంటా. ఆయన గోడ అవతల నుంచి ఏమన్నా సరే, నాకు వినపడాలి. ఈ వసారా అందుకే కట్టించా.”