ఎవరి చొక్కా వాళ్లకి

ఆ రోజు పొద్దున ఆ ఇంట్లో కాఫీ కంటే ముందు ఫోను కాగింది. ఏడున్నర కాకుండానే పదకొండు మంది పిలిచారు. ఇంటాయన ఒక చేత్తో రొట్టెముక్క, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. మూడు వందల మంది పనిచేసే లాండ్రీ కంపెనీకి ఆయన ఎండీ. ఊరందరికీ సార్, వాళ్లమ్మకి మాత్రం చంటి. నలభై ఆరేళ్లు వచ్చినా, నడినెత్తిన జుట్టు పలచబడినా ఆ పేరు ఆయన్ని వదల్లేదు.

ఆ హడావిడికి కారణం ఉంది. ఐదు రోజుల క్రితం ఏరు పొంగి కింది పేట మొత్తం నడుములోతు బురదలో మునిగింది. నూట ఎనభై కుటుంబాలు హైస్కూల్లో తలదాచుకున్నాయి. వ్యాపారుల సంఘం వాళ్లు ఈసారి చందాలిచ్చి ఊరుకోలేదు, స్వయంగా రంగంలోకి దిగారు. బేకరీ ఆవిడ తన పొయ్యిలన్నీ వాళ్ల కోసమే వెలిగించింది. టైల్స్ వ్యాపారి లారీలతో వచ్చి బురద ఎత్తించాడు. చంటి కొత్త దుప్పట్లు పట్టుకెళ్లాడు. అక్కడ కుట్టుమెషిన్ మీద బట్టలు కుట్టుకునే ఒకావిడ ఆయన్ని ఆపింది. దుప్పట్లూ కొత్త బట్టలూ చాలా వచ్చాయనీ, ఒంటిమీదకి కొత్తవి ఉన్నా మనసు మాత్రం పాతవాటి మీదే ఉందనీ, తమ బట్టలు బురదలో కుళ్లిపోతున్నాయనీ, వాటిని ఉతికించి ఇస్తే చాలనీ చెప్పింది.

చంటికి ఒళ్లు పులకరించింది. ఉతకడమా? అది ఆయన చేతిలో పని! ఆ సాయంత్రమే ఇంటింటి మూటలూ లారీకెక్కాయి. ఒకటిన్నర రోజు మెషిన్లు ఆగలేదు. రెండు వేల బట్టలు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, పదేసి చొప్పున కట్టలు కట్టారు. ఇవాళ పంపకం. సంఘం సభ్యులు అరవై మంది అచ్చం ఒకేలాంటి పచ్చ టీషర్టులు వేసుకుని వస్తున్నారు.

"అమ్మా, నా టీషర్టు ఏది?" అన్నాడు చంటి.

అది ఆవిడ ఒళ్లోనే ఉంది. డెబ్భై ఒకటో ఏట కూడా కళ్లద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించే మనిషి. ఏదో కుడుతోంది. కుట్టు ఊడి ఉంటుందనుకున్నాడు ఆయన. అలాంటివి ఇంకా అరవై ఉన్నాయి, ఊడితే ఇంకోటి వేసుకుంటాను కదా అని నవ్వాడు. ఆవిడ తల ఎత్తలేదు.

తల ఎత్తకపోవడానికి కారణం అంతకు ముందు క్షణం ఆయన అన్న మాట. ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్నది, ఆ హుషారులో నోరు జారి ఇవాళ చెప్పేశాడు. వచ్చే నెల నుంచి ఇంటి బట్టల విభాగం తీసేస్తున్నారు. ఆ జాగాలో కొత్త మెషిన్ వస్తుంది. అంటే ఆవిడ బల్ల పోతుంది.

ఆ బల్ల సంగతి చెప్పుకోవాలి. ఈ కంపెనీ మొదలైందే దాని మీద. ఒక ఇస్త్రీపెట్టె, రెండు బాల్చీలు, ఈ బల్ల. వచ్చిన ప్రతి చొక్కా కాలర్ లోపల ఆవిడ రంగుదారంతో చిన్న గుర్తు కుట్టేది. డాక్టరుగారి ఇంటికి నీలం అడ్డకుట్టు, హెడ్మాస్టారింటికి ఆకుపచ్చ చుక్కలు మూడు. ఒక్క చొక్కా తారుమారైతే ఆ రాత్రి ఆవిడకి అన్నం సహించేది కాదు. తర్వాత కొడుకు హోటళ్ల పని తెచ్చాడు. హోటల్ దుప్పట్లన్నీ తెల్లనివి, అన్నీ ఒక్కటే. ఏది ఏ గదికి వెళ్లినా అడిగేవాళ్లు లేరు. కంపెనీ పెరిగింది, ఆవిడ బల్ల మూలకి చేరింది. ఇప్పుడు దానిమీదకి ముప్ఫై ఇళ్ల బట్టలు మాత్రం వస్తున్నాయి. అయినా రోజూ తొమ్మిదింటికల్లా ఆవిడ అక్కడ కూర్చోవాల్సిందే. లేకపోతే ఆవిడకి తెల్లారినట్టు ఉండదు.

"ఆ బట్టలు ఎవరివి వాళ్లకి ఎలా ఇస్తున్నార్రా?" అని మెల్లిగా అడిగింది.

"అన్నీ రకాలవారీగా, సైజులవారీగా పెట్టించానమ్మా. అవన్నీ నేను చూసుకుంటా. నువ్వు మోకాళ్ల సంగతి చూసుకో."

సూది ఆగింది. ఆవిడకి విషయం అర్థమైపోయింది. చెబుదామని నోరు తెరిచింది కూడా. మళ్లీ బల్ల గుర్తొచ్చింది. నాకెందుకు, నన్ను ఎవరడిగారు అనుకుని నోరు మూసుకుంది. దారాన్ని పళ్లతో కొరికి టీషర్టు మడత పెట్టి ఇచ్చింది. ఆయన దాన్ని తొడుక్కుని, భార్యని కారెక్కించుకుని ఎగిరి గంతేసినట్టు వెళ్లిపోయాడు.

హైస్కూలు హాల్లో ఏర్పాట్లు కళ్లు చెదిరేలా ఉన్నాయి. వరసగా బల్లలు, వాటి మీద కత్తితో కోసినట్టు మడత పెట్టిన కట్టలు. మగవాళ్ల చొక్కాలు ఒకచోట, ప్యాంట్లు ఒకచోట, గౌన్లు, స్వెటర్లు, దుప్పట్లు. సబ్బు వాసన గేటు దాకా వస్తోంది. టైల్స్ వ్యాపారి చంటి భుజం తట్టి, ఇంత అందంగా మా షోరూమ్ కూడా ఉండదయ్యా అన్నాడు. చంటి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మొదటి పది నిమిషాలు అంతా సాఫీగా సాగింది. మనిషికి రెండు చొక్కాలు, ఒక ప్యాంటు, ఒక స్వెటరు. పుచ్చుకున్నవాళ్లు పక్కకి వెళ్లి మడత విప్పి చూసుకున్నారు. అక్కడ మొదలైంది తంటా.

"బాబూ, ఇది నాది కాదు" అంది కుట్టుపని ఆవిడ, చేతిలో స్వెటరు పట్టుకుని.

సైజు సరిపోతుందిగా అన్నాడు ఆ బల్ల దగ్గర పంచుతున్న సంఘం సభ్యుడు, మందుల కంపెనీ ఆయన. ఆవిడ ఆయన వంక జాలిగా చూసింది. అవతల బస్సు డ్రైవరు తన యూనిఫాం కోటు ఇంకెవరి ఒంటిమీదో చూసి పట్టుకున్నాడు. వేసుకున్నవాడు నాకిచ్చారు, నేనివ్వను అన్నాడు. ఒకాయన తనకొచ్చిన ప్యాంటులో ఇద్దరు పడతారని అందరికీ పట్టి చూపించాడు. కాసేపటికి హాలంతా సంతలా తయారైంది. నా చొక్కా, మా అమ్మ శాలువా, మా ఆయన కోటు అని నూట ఎనభై ఇళ్లవాళ్లూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అరవై పచ్చ టీషర్టులూ దిక్కులు చూస్తున్నాయి.

చంటికి అప్పుడు వెలిగింది. ప్లాంటులో ఏ సంచీ వచ్చినా విప్పి మెషిన్లకి చేరవేసే బెల్టు మీద పోయడమే అలవాటు. ఈ మూటల్నీ అలాగే పోశారు. దుప్పట్లకి యజమాని ఉండడు. చొక్కాకి ఉంటాడు. ఇరవై ఏళ్లుగా తెల్లదుప్పట్లు ఉతికి ఉతికి ఆ ముక్క మరిచిపోయాడు.

"ఫోన్ చెయ్యండి" అంది భార్య పక్కకి వచ్చి.

"ఎవరికి?"

"ఎవరికో మీకు తెలుసు. నేను చేస్తే అత్తయ్య వస్తారు. కానీ మీరే చెయ్యాలి."

ఆయన హాలు బయటికి వెళ్లి, ఫోను చేతిలో రెండుసార్లు తిప్పి, మూడోసారికి నొక్కాడు. అమ్మా, రావూ, అన్నాడు అంతే. అవతలి నుంచి ఏమైంది, ఎందుకు అన్న మాటే లేదు. తాడెంత ఉంది అని అడిగింది. లారీలకి కట్టే తాళ్లన్నీ విప్పించమంది. బట్టల క్లిప్పులు ఊళ్లో ఎన్ని దొరికితే అన్నీ తెప్పించమంది. ఎవ్వరినీ బయటికి వెళ్లనివ్వొద్దంది.

అరగంటలో చంటి వాళ్లమ్మ, కంపెనీ ఇస్త్రీ మేస్త్రి నడుపుతున్న వ్యానులో వచ్చి దిగింది. మోకాళ్లకి పట్టీలు, చేతిలో సూదిదారాల డబ్బా. గేటు దగ్గరే కొడుకు ఎదురొచ్చాడు. సిగ్గు పడాల్సినవాడికి కోపం ముందొచ్చింది.

"నీకు పొద్దున్నే తెలుసు కదమ్మా? అడిగావు కూడా. గట్టిగా చెప్పొచ్చుగా! ఇంతమందిలో నా పరువు పోయేదాకా ఊరుకున్నావా?"

"తెలుసు" అంది ఆవిడ. "చెప్పబోయాను. నా బల్ల తీసేస్తున్నావని గుర్తొచ్చింది. పోనీలే, నాకెందుకులే అనుకున్నాను. తప్పు నాదే చంటీ. నీ మీద కోపంతో వీళ్ల బట్టల సంగతి వదిలేశాను. నలభై ఏళ్లలో ఎన్నడూ అలా చెయ్యలేదు నేను."

పోట్లాడదామని సిద్ధపడినవాడికి క్షమాపణ వినడం కష్టం. మెడ వంచుకుని, బల్ల సంగతి అలా చెప్పి ఉండకూడదమ్మా అన్నాడు. బల్ల సంగతి తర్వాత, ముందు తాళ్లు కట్టు అంది ఆవిడ.

ఆ తర్వాత జరిగినదాని గురించి ఆ ఊరు చాలాకాలం చెప్పుకుంది. స్కూలు మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి తాళ్లు లాగారు. గోల్ స్తంభాలు, కిటికీ కమ్మీలు, చెట్లు, జెండాకర్ర అయిపోయాయి. స్తంభాలు చాలకపోతే ఆవిడ పచ్చ టీషర్టుల వంక చూసింది. "ఇక్కడ నిలబడు నాయనా, పట్టుకో, వంగకు" అంది. బేకరీ ఆవిడా మందుల కంపెనీ ఆయనా ఎదురెదురుగా నిలబడి తాడు పట్టుకున్నారు. టైల్స్ వ్యాపారి రెండు చేతులతో రెండు తాళ్లు పట్టుకుని ఎండలో చెమటలు కక్కుతూ, అక్కయ్యా నా వ్యాపారంలో కూడా నన్నెవరూ ఇలా నిలబెట్టలేదు అన్నాడు. కదలకు, స్వెటర్లు కింద పడతాయి అంది ఆవిడ.

పంచినవి కూడా వెనక్కి తీసుకుని, ఇస్త్రీ మడతలన్నీ విప్పి రెండు వేల బట్టలు క్లిప్పులతో తాళ్లకి తగిలించారు. గాలి వచ్చింది. మైదానమంతా రంగులు లేచాయి. అప్పుడు ఆవిడ అందరినీ పిలిచి ఒక్క మాట చెప్పింది: తొందరేం లేదు, నడవండి, చూసుకోండి, మీది కనబడితే తీసుకోండి.

మొదట మెల్లిగా నడిచారు. ఇంతలో ఎవరో "ఇదిగో!" అన్నారు. ఆ ఒక్క కేకతో మైదానం ఊపందుకుంది. బస్సు డ్రైవరు తన కోటు జేబులోంచి పాత టికెట్ల కట్ట బయటికి తీశాడు. ముద్దయిపోయినా అది తనదే! ఒకాయన చొక్కాని మోచేతి అతుకు చూసి గుర్తుపట్టి ముద్దు పెట్టుకున్నాడు. పక్కపక్క ఇళ్ల ఇద్దరు ఆడవాళ్లు ఒకే తువ్వాలు పట్టుకుని, ఆరేళ్ల క్రితం తీసుకెళ్లి తిరిగివ్వలేదని ఒకరు, నువ్వే ఇచ్చావని ఇంకొకరు వాదించుకుని, చివరికి కావలించుకుని ఏడ్చారు. తెల్ల బనీన్ల వరస దగ్గర మాత్రం ఎవరూ దేన్నీ గుర్తుపట్టలేక పడీపడీ నవ్వారు. అవి సైజు చూసి పంచెయ్యండి, వాటికోసం ఎవరూ కొట్టుకోరు అంది చంటి వాళ్లమ్మ.

కుట్టుపని ఆవిడ అన్ని వరసలూ రెండుసార్లు తిరిగింది. మూడోసారి చంటి ఆవిడతో నడిచాడు. ఏమి వెతుకుతున్నారని అడిగాడు. మా అత్తగారి స్వెటరు బాబూ, గోధుమరంగుది, ఆవిడ చేత్తో అల్లింది, కుడిచేతి మణికట్టు దగ్గర ఒక వరస తప్పుపడి ఉంటుంది అంది. ఆ అత్తగారు పోయి రెండేళ్లయిందట. గోధుమరంగువి పద్దెనిమిది ఉన్నాయి. ఒక్కొక్కటే మణికట్లు తిప్పి చూశారు. పన్నెండో స్వెటరు దగ్గర చంటి వేళ్లు ఆగాయి. ఒక వరస ఎగుడుదిగుడుగా ఉంది. ఆవిడ దాన్ని మొహానికి ఆనించుకుంది. చంటి పక్కకి తిరిగి, తనకేమీ కానట్టు తాడు బిగించాడు గానీ కళ్లు ఆగలేదు.

నాలుగింటికి తాళ్లు దాదాపు ఖాళీ అయ్యాయి. నలభై బట్టలు మాత్రం మిగిలాయి. అవి చుట్టాలిళ్లకి వెళ్లిపోయినవాళ్లవి. వీటినేం చేద్దాం సార్ అని ఎవరో అడిగారు. అమ్మ వంక చూశాడు చంటి.

"వాళ్లు వస్తారు. ఎప్పుడొచ్చినా ఎక్కడికి రావాలో తెలియాలి" అంది ఆవిడ.

"నీ బల్ల దగ్గరికి రమ్మని బోర్డు పెట్టిస్తానమ్మా" అన్నాడు చంటి. "గేటు పక్కనే. లోపలికి రాగానే కనబడేలా. కొత్త మెషినే మూలకి పోతుంది." ఆవిడ సూదిదారాల డబ్బా మూత రెండుసార్లు తీసి వేసింది. సంతోషం పట్టలేనప్పుడు అలా చేస్తుందని కోడలికి తెలుసు.

అరవై మందీ చెమటకి తడిసిన టీషర్టులు విప్పి, ఇంటినుంచి తెచ్చుకున్న చొక్కాలు వేసుకుని, విప్పినవాటిని ఒకే సంచీలో పడేస్తున్నారు. ఇక ఎండీగారి ప్లాంటుకి వెళ్తే ఎవరిది ఎవరికొస్తుందో దేవుడికే తెలియాలి అని టైల్స్ వ్యాపారి అంటే అందరూ నవ్వారు. చంటి కూడా నవ్వుతూనే తన టీషర్టు తల మీంచి లాగాడు. తిరగబడిన కాలర్ లోపల ఏదో ఎర్రగా కనబడింది.

దగ్గరికి తెచ్చి చూశాడు. ఎర్రదారంతో రెండు చిన్న కుట్లు, ఒకదాన్నొకటి దాటుతూ. స్కూలుకి వెళ్లే రోజుల్లో ఆయన ప్రతి చొక్కాకీ ఉండేది అదే గుర్తు. ఆ గుర్తు ఊళ్లో ఇంకెవరికీ ఇవ్వలేదు ఆవిడ.

"ఇది ఎప్పుడు కుట్టావమ్మా?"

"పొద్దున" అంది ఆవిడ, వ్యాను మెట్టు ఎక్కడానికి చెయ్యి చాపుతూ. "నువ్వు బల్ల తీసేస్తానని చెప్పావే, అప్పుడు."

చంటి ఆ చెయ్యి పట్టుకుని వ్యాను ఎక్కించాడు. టీషర్టుని మాత్రం సంచీలో వెయ్యలేదు.