గంటవ్వ గడ్డ కాడ ఆగిన మోటారు పడవ

రామగుండం దాటాక గోదావరి నడుమ చిన్న చిన్న గడ్డలు చాలా ఉన్నాయి. కొన్నింటి మీద రెల్లు, కొన్నింటి మీద ఒట్టి బండలు. వాటిలో ఒకదాని మీద మాత్రం పొద్దు గుంకినాక మనిషి కాలు పెట్టేవాడు కాదు. దాని పేరు గంటవ్వ గడ్డ.

గంటవ్వ ఎవరని ఇవతలి ఒడ్డున అడిగితే, పడవ నడిపేవాడి పెండ్లాం అనేవారు. వరదలో పోయిన మొగుణ్ణి పిలవడానికి గంట పట్టుకొని గడ్డ మీదికి పోయి అక్కడే ఉండిపోయిందట. మంచిర్యాల దిక్కు అడిగితే పెండ్లాం కాదు, అత్త అనేవారు. వరదలో పోయింది కోడలట. పిలవడానికి కాదు, అది మళ్లీ ఇంటికి రాకుండా బెదిరించడానికి గంట కొడుతుందట. లోకం తీరు చూస్తే ఈ రెండో మాటే కొంచెం నమ్మేటట్టు ఉంటుంది.

ఏదేమైనా రెండు ఒడ్లూ ఒక్క మాట మీద నిలబడేవి. చీకటి పడ్డాక గడ్డ మీద గంట మోగుతుంది... మోగితే ఆగొద్దు. ఆగినవాడు— ఇక ఆగినట్టే.

అట్లాంటి చోటికి ఎవరు పోయినా సారయ్య పోకుండా ఉండవలసింది.

ఎందుకంటే సారయ్య తినే బువ్వే గంట మీద తినేవాడు. అప్పటికి ఆ దిక్కు బొగ్గు బాయిలు తవ్వడం కొత్త. బాయి లోపల బొగ్గు నింపిన డబ్బాలను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను ఉంటుంది. దాన్ని నడిపేవాడు సారయ్య. లోపల చీకట్లో ఏం జరుగుతున్నదో పైనున్న వాడికి కనబడదు. గంటే కన్ను. రెండు కొడితే లాగాలి, ఒకటి కొడితే ఉన్నపళంగా ఆపాలి. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని ఆలోచించే లోపల కింద ఒకడి కాలు పోతుంది. అందుకని సారయ్య చేతికి ఆలోచన లేకుండా పోయింది. ఇంట్లో అన్నం తింటుంటే, సందులో ఐస్‌ఫ్రూట్ వాడు గంట కొడితే ముద్ద నోటి దగ్గరే ఆగిపోయేది. వాడు రెండోసారి కొడితే గాని నోట్లోకి పోయేది కాదు.

మంచి పనివాడే గాని నాగాలు ఎక్కువ. జాతరకని ఒక నాగా, జ్వరమని ఒక నాగా, జ్వరం కూడా లేకుండా ఇంకొక నాగా. మేనేజరు రెండుసార్లు పనిలోంచి తీసేశాడు. రెండోసారి సారయ్య భార్య సమ్మవ్వ పోయి ఆఫీసు ముందు కూర్చుంటే, ఆమె మొఖం చూసి మళ్లీ పెట్టుకున్నాడు. "ఇంకొక్క మస్టర్ తప్పిందా, పేరు కొట్టేస్త. ఆ తర్వాత నువ్వు కూసున్నా లాభం లేదు" అన్నాడు. మస్టర్ అంటే హాజరు. తెల్లవారక ముందు మొదటి షిఫ్టుకు బాయి దగ్గర నిలబడి పేరు చెబితే పడుతుంది. లేకుంటే లేదు.

ఇట్లుండగా వెదురు గుత్తేదారు దశరథం సేటు బొంబాయి నుంచి ఒక మోటారు పడవను లారీ మీద దింపించాడు. గోదావరి అంతకు ముందు అట్లాంటిది చూడలేదు. ఎర్ర రంగు, ముందట అద్దం, వెనక ఇంజను. ఎందుకు కొన్నాడో ఆయనకే తెలియదు. బహుశా రోడ్డు మీద తిరిగే కార్లు అందరికీ కనబడుతున్నాయని కావచ్చు. నడపడం మాత్రం ఎవరికీ రాలేదు. ఇంజను అన్న మాట వినగానే జనం సారయ్యను చూపించారు.

సారయ్యకు ఈత రాదు. ఆ సంగతి సేటు అడగలేదు. లారీ డ్రైవరును ఎగరడం వచ్చా అని ఎవరడుగుతారు?

కరీంనగర్ నుంచి సేటు బావమరిది భూమన్న వచ్చాడు. ఆదివారం పొద్దున పోయి నాలుగు గడ్డలు చూసి, కోడి వండుకొని తిని, పొద్దుండగానే రావాలని అనుకున్నారు.

"రేపు మస్టరున్నది. గోదారి ఎందుకు నీకు?" అన్నది సమ్మవ్వ.

"పొద్దుండగానే వస్త" అన్నాడు సారయ్య. చీకట్లోంచి డబ్బాలు లాగి లాగి విసిగినవాడు. ఒక్కనాడు వెలుతురులో ఇంజను నడిపి చూడాలని వాడి ఆశ.

సేటు పడవను బాగా ఆలోచించి తయారు చేశాడు. ఇంజను చప్పుడులో మాట వినబడదని పడవ ముందట ఒక గంట వేలాడదీశాడు. "నీకు అలవాటేనాయె. ఒకటి కొడితె ఆపు, రెండు కొడితె పోనీయి" అన్నాడు. సారయ్యకు ప్రాణం లేచివచ్చింది. గంట ఉన్న చోట వాడికి భయం లేదు.

పొద్దంతా రాజాలాగా గడిచింది. పడవ నీళ్లను చీల్చుకుంటూ పోతుంటే ఒడ్డున బట్టలుతికేవాళ్లు బండల మీదికెక్కి చూశారు. ఒకచోట భూమన్న వెదురు గడ నీళ్లలోకి గుచ్చితే మొత్తం మునిగినా అడుగు తగల్లేదు. "బాప్ రే! గోదారి అంటే ఏమో అనుకున్న" అని కాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు. మూడో గడ్డ మీద కోడి ఉడకలేదు. ఉడికినాక తినడం తెమల్లేదు. తిన్నాక భూమన్నకు నిద్ర ఆగలేదు. సారయ్య పొద్దును చూడడం, సేటును చూడడం. "సేటూ, రేపు నాకు మస్టరు..." "పోదాంరా, జర ఆగు."

బయలుదేరేసరికి నీళ్ల మీద ఎరుపు పోయి నలుపు దిగుతోంది. కొంత దూరం వచ్చేసరికి ఎడమ పక్కన రెల్లు పెరిగిన గడ్డ ఒకటి...

"గదే, గంటవ్వ గడ్డ" అన్నాడు సేటు, మెల్లగా. "జల్ది పోనీయి."

సారయ్య వేగం పెంచాడు. గడ్డ పక్కకు వచ్చింది. సగం దాటింది.

అప్పుడు—

ఠంగ్.

ఒక్కటే. సేటు చేయి గంట మీద లేదు. సేటు చేతులు రెండూ చెవుల మీద ఉన్నాయి. అది గడ్డ మీది రెల్లులోంచి వచ్చింది. కాని సారయ్య చేతికి ఆ తేడా ఎట్లా తెలుస్తుంది? ఆలోచన పుట్టే లోపలే చేయి ఇంజనును ఆపేసింది.

"ఎందుకాపినవ్ రా!"

"గంట..."

"అది నాది కాదురా!"

పడవ పక్కకు కొట్టుకుపోయి, గడ్డ అంచున ఇసుకలో ముక్కు దూర్చింది. సారయ్య కంగారుగా ఇంజను మళ్లీ లాగాడు. కింద నీళ్లను తోసే పంకా రాయికి తగిలి, ఫట్ మని విరిగింది. తర్వాత ఎంత లాగినా ఇంజను అరిచింది గాని పడవ కదల్లేదు.

ముగ్గురూ ఇసుక మీదికి దిగారు. చీకటి పూర్తిగా పడింది. ఇంటి దిక్కు ఒడ్డు కనబడటం మానేసింది. దాని పైన ఎక్కడో బాయి దగ్గరి దీపం ఒకటి మిణుకు మిణుకుమంటోంది.

"తెల్లారినంక చాపలు పట్టేటోళ్లు వస్తరు" అన్నాడు సేటు.

"తెల్లారినంకనా? నా పేరు కొట్టేస్తరు సేటూ!"

"నీకు పేరు ఫికరున్నదా? మాకు పానం ఫికరున్నది" అన్నాడు భూమన్న. "గంటకు ఆగేటోణ్ణి తెచ్చి గంటవ్వ గడ్డ మీదికి... నీ తెలివికి దండం బావా."

"నెమ్మదిగ... వింటది."

"ఎవలు?"

సేటు రెల్లు దిక్కు వేలు చూపించాడు. అంతలో గంట మళ్లీ మోగింది. ఈసారి రెల్లు వెనక. తర్వాత ఇంకొంచెం దూరంలో. గంట నడుస్తోంది... రెల్లు కదిలింది. చిన్న వెలుగు ఒకటి బయటికి వచ్చింది.

వెలుగు ఇసుక దాటింది. ఆగుతుందనుకున్నారు. ఆగలేదు— నీళ్ల మీదికి నడిచింది.

వెలుగు పక్కన చీర అంచు. పైన మనిషి ఆకారం. దాని తల మామూలు తలకు రెండింతలుంది. నడిగోదారిలో, వెదురు గడ అందని నీళ్ల మీద, తొందర లేకుండా నడిచిపోతోంది. దాని వెనక ఏమీ లేదు, నలుపు తప్ప. ఆ నలుపులోంచే గంట... ఠంగ్... ఠంగ్...

భూమన్న ఇసుకలో బోర్లా పడ్డాడు. సేటు కొండగట్టు అంజన్నను పిలుస్తున్నాడు గాని పేరు సగమే వస్తోంది.

సారయ్యకూ భయమే. కాని వాడి కళ్లు వెలుగును చూసి, దాని అవతల బాయి దీపాన్ని చూశాయి. రెండూ ఒకే దిక్కున ఉన్నాయి.

"సేటూ, నేను దానెంట పోత."

"పిచ్చి లేసిందారా? దయ్యంరా అది!"

"దయ్యం పడితె కొండగట్టుకు పోతె ఇడుస్తది. మస్టర్ల పేరు పోతె ఏ గుట్టకు పోవాలె?"

 సేటు మళ్లీ అంజన్నను పిలవసాగాడు.

సారయ్య వెలుగు పోయిన చోటనే నీళ్లలో అడుగు పెట్టాడు. మునుగుతాననుకొని ఊపిరి బిగబట్టాడు. నీళ్లు చీలమండకు వచ్చాయి. ఇంకో అడుగు. పిక్కలు. ఇక ఇప్పుడు, ఇక ఇప్పుడు అనుకుంటూ పోయాడు. మోకాలు దాటలేదు. కాళ్ల కింద గట్టి ఇసుక. ముందట గంట ఒక్కసారి మోగి ఆగింది. సారయ్య కాళ్లు వాటంతటవే ఆగాయి. నడినీళ్లలో, దయ్యానికి కొంచెం వెనక, ఊపిరి లేకుండా నిలబడ్డాడు. ఠంగ్ ఠంగ్— రెండు. కాళ్లు కదిలాయి.

ఒడ్డు ఎక్కాక వెలుగు గిరుక్కున తిరిగింది.

కందిలి పైకి లేచింది. దాని వెనక ముడతలు పడ్డ మొఖం. నెత్తిన పాల కుండ. పక్కన, మెడలో గంటతో, చీకటి కన్నా నల్లని బర్రె.

"నా ఎంబడి ఎందుకు వడ్డవే గంటవ్వా!" అని ముసలమ్మ గజగజ వణికింది. "నీ జోలికి ఎన్నడన్న వచ్చిన్నా?"

"నేను గంటవ్వను కాదవ్వా! సారయ్యను. బాయి పనోణ్ణి."

"మనిషివా? మనిషివైతె నోరు లేదా? నీళ్లల్ల సప్పుడు చేసుకుంట ఎనుకెనుక వస్తవా? నా పానం పోయి మల్ల వచ్చింది కదరా!"

ఆమె పేరు కమలవ్వ. గడ్డ మీద రెల్లులో బర్రెను మేపి, పాలు పిండుకొని, పొద్దు పోయాక ఇంటికి పోతుంది. గడ్డకు ఒక పక్కన మడుగు, ఇంకో పక్కన మోకాటి లోతు దాటు. చలికాలం నుంచి ఎండాకాలం దాకా అంతే. మోటారు పడవకు లోతు కావాలి గనుక వాళ్లు మడుగు పక్కనుంచే వచ్చారు. గోదావరి అంతా మడుగే అనుకున్నారు. కాళ్లతో వచ్చినవాడెవడూ అట్లా అనుకోడు.

"మరి గంట మోగేది నీ బర్రెదని ఊళ్లె చెప్పరాదా అవ్వా?"

"చెప్తె గడ్డ మీద గడ్డి మిగుల్తదా? అందరి బర్లు ఆడనే ఉంటయి." కమలవ్వ కందిలి దించింది. "నువ్వు గూడ చెప్పకు బిడ్డా. పుణ్యముంటది."

సారయ్య గోదావరి వైపు తిరిగి అరిచాడు. "సేటూ! రాండ్రి! మోకాళ్ల లోతే!"

గడ్డ మీద నుంచి చప్పుడు లేదు. దయ్యం తెలిసిన గొంతుతోనే పిలుస్తుందని అక్కడ భూమన్న బావగారి నోరు గట్టిగా మూసిపెట్టాడని సారయ్యకు తెలియదు. మూడోసారి పిలిస్తే దూరంగా ఎవరో ఏడ్చినట్టు వినబడింది. ఇంటికి పోతే నిద్ర పడుతుంది, నిద్ర పడితే మస్టర్ పోతుంది. వాడు తడిబట్టలతో బాయి దారి పట్టాడు.

తెల్లవారాక చేపలు పట్టేవాళ్లు సేటును, భూమన్నను తెప్ప మీద తెచ్చారు. ఇద్దరూ నేరుగా సమ్మవ్వ దగ్గరికే పోయారు. దయ్యం నీళ్ల మీద నడుస్తుంటే సారయ్య దాని వెనక నడిచిపోయాడని, ఆ తర్వాత వాడి గొంతుతోనే అది తమను కూడా పిలిచిందని చెప్పారు. వాడ వాడంతా వాకిట్లో చేరింది. బాయి దగ్గరికి పోయి అడుగుదామని ఒక్కరికీ తోచలేదు. చచ్చినవాడు డ్యూటీకి పోతాడని ఎవరనుకుంటారు?

మధ్యాహ్నం షిఫ్టు దిగాక సారయ్య ఇంటి దారి పట్టాడు. నిద్ర లేక కళ్లు నిప్పుల్లా ఉన్నాయి. మొఖం నిండా బొగ్గు. నీళ్లలో నాని, ఎండలో ఎండిన ధోతి అట్ట కట్టింది. సందు మొదట్లో ఎదురైన పక్కింటి రాజయ్య సైకిలు వదిలేసి ఉరికాడు. వాకిట్లో భూమన్న అప్పటికి ఎన్నోసారో చెబుతున్నాడు. "ముంగట గంటవ్వ... ఎనుక మీ సారయ్య... వాని కాళ్లు నీళ్లకు తాకనే లేవు..." అని చేయి చాపి, చాపిన దిక్కు చూసి, ఆ చేయి అట్లాగే ఉండగా వెనక్కి పడ్డాడు. సేటు గోడ దూకాడు. మామూలప్పుడైతే ఆ గోడ ఆయన దూకలేడు. జనం చెప్పులు వాకిట్లోనే వదిలేసి ఎటు తోస్తే అటు పరుగెత్తారు.

సమ్మవ్వ మాత్రం లేవలేదు. గోడకు ఒరిగి, ఏడ్చి ఉబ్బిన కళ్లతో, గుమ్మం ముందు నిలబడ్డ ఆ నల్లటి ఆకారాన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"మస్టర్ పడ్డదా?" అన్నది.

"పడ్డది" అన్నాడు సారయ్య.

ఆమె కొంగుతో మొఖం తుడుచుకొని లేచింది. సందు చివరి దాకా వినబడేటట్టు అరిచింది.

"సచ్చినోనికి మస్టర్ ఎయ్యరు! రాండ్రి, మీ చెప్పులు మీరు తీస్కపోండ్రి."