మాట వినే గడ్డ

సోమవారం పచ్చ దీపం వెలిగింది. గురువారం ఎర్ర దీపం. మనిషి ఒక్కరే, యంత్రం ఒక్కటే. డాక్టర్ నళిని అదే ఉమ్మిలోంచి ఇంకో చుక్క వేసి చూసింది. మళ్ళీ ఎరుపే వచ్చింది.

ఆ యంత్రాన్ని ఆవిడే తయారుచేసింది. పేరు రెస్పాన్స్ రీడర్. సముద్రం ఒడ్డున ఉన్న ఆ క్యాన్సర్ ఆసుపత్రిలో అందరూ దాన్ని మాట పెట్టె అంటారు. రేడియేషన్‌ని జనం కరెంటు అంటారు కదా. నోట్లో గడ్డ ఉన్నవాళ్ళందరికీ కరెంటు ఒకేలా పనిచెయ్యదు. కొన్ని గడ్డలు కరిగిపోతాయి. కొన్ని మాత్రం కరెంటు తెంపిన చోటల్లా, చిరిగిన వలని కూర్చుని అల్లుకున్నట్టు, తమని తాము అల్లుకుంటాయి. ఏ గడ్డయినా తన జీన్ ముక్కల్ని ఉమ్మిలోకి రాలుస్తూ ఉంటుంది. అల్లిక తెలిసిన గడ్డ అయితే ఆ ముక్కల మీద ఒక గుర్తు ఉంటుంది. దాన్నే బయోమార్కర్ అంటారు. పెట్టె వెతికేది ఆ గుర్తునే. గుర్తు లేని ముక్కలు ఎక్కువుంటే పచ్చ, అంటే గడ్డ కరెంటు మాట వింటుంది. గుర్తున్నవి ఎక్కువైతే ఎరుపు. అది వినదు, కోసి తియ్యాల్సిందే.

దేశమ్మకి యాభై రెండేళ్ళు. అంగిట్లో గడ్డ. ఆ ఒడ్డున చాలామంది ఆడవాళ్ళలాగే ఆమె కూడా అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. పనేమిటని అడిగితే పాట పాడతానంది. నళిని ఫారంలో గాయని అని రాసుకుంది. అది రేవులో చేపల వేలంపాట అని తర్వాత తెలిసి నవ్వుకుంది గానీ, కొట్టెయ్యలేదు. పడవ ఒడ్డుకి రాకముందే దేశమ్మ గొంతు వినిపించేదట. అంగిలి కోసేస్తే దాని చోట ప్లేటు పెడతారు, మాట ముక్కులోంచి వస్తుంది. ఆ మాటతో పాట సాగదు. పాట లేకపోతే రేవులో ఆమెని అడిగేవాళ్ళుండరు. అందుకే సోమవారం పచ్చ దీపం చూసి పెట్టెకి దణ్ణం పెట్టింది.

కరెంటు మొదలుపెట్టేముందు రెండోసారి చూడాలని రూలు. అది గురువారం.

నళిని ఆమెని కూర్చోబెట్టి, సోమవారం ఉమ్మి ఇచ్చేముందు ఏం తిన్నారు, ఏం తాగారు అని అడిగింది. దేశమ్మ ఏమీ లేదంది. పక్కన ఆమె తోటికోడలు మసేనమ్మ నిలబడి ఉంది. మసేనమ్మ గట్టిగా మాట్లాడగా ఎవరూ ఎరగరు. అత్త చెప్పినా, మొగుడు చెప్పినా, దేశమ్మ చెప్పినా ఊఁ అనడమే. ఆ వేళ కూడా పొద్దున్నే దేశమ్మక్కతో రావాల్సింది, అత్త వంట చేసి వెళ్ళమంటే ఆగిపోయి మధ్యాహ్నం బస్సుకి వచ్చింది.

నళిని సోమవారం నాటి ఉమ్మిని లోపలి గదిలో పెద్ద మెషిన్‌కి పంపింది. కాగితం వచ్చాక రెండుసార్లు చదివింది.

"దేశమ్మగారూ, ఈ చుక్కలో ఇద్దరు మనుషులున్నారు."

"నా ఉమ్మిలోనేటి? నా ఇంట్లోనే ఇద్దరికి సోటు లేదు డాక్టరమ్మా."

అప్పుడు మసేనమ్మ నేల చూస్తూ చెప్పింది. సోమవారం ఆసుపత్రి బయట షెడ్డు కింద కూర్చున్నప్పుడు అక్కకి మనసు చుట్ట మీదకి పోయిందట. చుట్ట మానమన్నారని ఇద్దరికీ తెలుసు. అయినా తన నోట్లో తడిసిన చుట్ట తీసి అక్క నోట్లో పెట్టింది.

"ఒక్క గుక్కే. అక్క అడిగితే కాదనలేకపోనాను."

నళిని కోప్పడలేదు. మసేనమ్మ చేతికి కొత్త గొట్టం ఇచ్చి ఉమ్మమంది. పచ్చ దీపం వెలిగింది. నోరు తెరిపించి లైటు వేసి చూస్తే అంగిట్లో చిక్కుడు గింజంత పుండు. చుట్టతో కాలిందనుకుందట. ఆరు నెలలైందట. ముక్క తీసి పరీక్షిస్తే అదీ గడ్డే.

"అంటే సోమారం దీపం నాది కాదు," అంది దేశమ్మ.

"కాదమ్మా. మీది వినే రకం కాదు. కోసి తీస్తేనే ప్రాణం దక్కుతుంది."

దేశమ్మ తోటికోడలి వైపు తిరిగింది.

"దాని గడ్డ గదా, మాట వినక సస్తాదేటి. పుట్టినకాడ్నించి అది ఎవురి మాట కాదంది గనక."

మసేనమ్మ ఏడ్చింది. దేశమ్మ ఏడవలేదు. ఆపరేషన్‌కి ఇంకా వారం ఉంది. ఆ వారమంతా ఆమె వార్డు వరండాలో తోటికోడల్ని నిలబెట్టి పాట నేర్పింది. మందుల అట్టపెట్టెలు, ఫ్లాస్కులు, ఒకనాడు బెడ్‌పాన్ కూడా వేలం వేయించింది. నర్సులు సరదాకి పాట పెంచేవారు. గొంతు గొంతులోంచి కాదు, పొట్టలోంచి తియ్యమని దేశమ్మ తిట్టేది. ఏడో రోజుకి ఆ కేక మెట్ల దాకా వినిపించింది.

ఆసుపత్రి వాళ్ళు పెట్టె గది ముందు బోర్డు పెట్టారు, ఉమ్మి ఇచ్చేముందు ఒకరి చుట్ట ఒకరు తాగరాదని. ఊళ్ళలోకి వేరేలా వెళ్ళింది ఆ కబురు. ఒకే చుట్ట తాగి వెళ్తే పెట్టె ఇద్దర్నీ ఒకేసారి చూస్తుందని. ఆ నెల నుంచి ఆడవాళ్ళు జంటలు జంటలుగా రావడం మొదలుపెట్టారు.

ఏడాది తర్వాత నళిని ఆ ఇద్దర్నీ చూడ్డానికి రేవుకే వెళ్ళింది. మసేనమ్మ పాట పాడుతోంది. గడ్డ కరిగింది గానీ, కరెంటుతో నోట్లో తడి ఆరిపోయింది గనక, కేకకీ కేకకీ మధ్య సీసాలోంచి గుక్కెడు నీళ్ళు తాగుతోంది. దేశమ్మ గంప పక్కన కూర్చుని ఉంది. పెద్ద కోనెం చేప ఒకటి పాటకొచ్చింది. రేటు బాగానే పెరిగాక దేశమ్మ చాలు, ఇచ్చియ్యి అంది. మసేనమ్మ అటు చూడలేదు. నీళ్ళు తాగి, ఇంకో రెండు కేకలు వేసి, రేటు ఇంకా పెంచింది.

దేశమ్మ నళిని వైపు తిరిగి ముక్కులోంచి ఏదో అంది. రెండోసారి చెప్పించుకుంటే గానీ అర్థం కాలేదు.

"కరెంటు తగిలినకాడ్నించి ఇది మాట వినడం మానేసింది డాక్టరమ్మా."