మలుపులో ఆగిన కారు

తెల్లవారి ఆరు గంటలకే షాహిదాబీ పొయ్యి మీద పెనం పెట్టింది. దారిలో తినడానికి రొట్టెలు కాలుస్తూ, వాకిట్లో కారు కడుగుతున్న భర్తను కిటికీలోంచి కనిపెట్టుకుని ఉంది. బడేసాహెబ్ అద్దాలు తుడిచాడు, చక్రాల్లో గాలి చూశాడు, ఇంజను మూత తీసి నీళ్ళు పోశాడు. ఆ పనుల్లో ఆయన చేతులు ఎక్కడా తడబడవు. తడబాటంతా కారు వీధి దాటిన తరువాతే. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసునని షాహిదాబీ నమ్మకం.

బడేసాహెబ్ ఇరవై ఏళ్ళు బస్సు తోలాడు. ఆపైన ఒక పాత నల్ల కారు కొని కావలిలో బాడుగకు తిప్పుతున్నాడు. ఎవరికైనా నాలుగు రోజులు చల్లగా గడపాలనిపిస్తే హార్సిలీ కొండకు ఆయన కారే మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళు కొండమీద బంగళాల్లో పడుకుంటే ఆయన కార్లోనే కాళ్ళు ముడుచుకుని పడుకునేవాడు. తిరిగొచ్చాక భార్యకు కథలుగా చెప్పేవాడు.

"అక్కడొక చెక్క ఇల్లుంది షాహిదా. గోడలోనే పొయ్యి కట్టినారు. లోపల వెచ్చగా మంట, బయట మంచు. ఎప్పటికైనా నిన్ను తీసుకుపోతా."

ఏళ్ళ తరబడి విన్న మాటే గనక ఆమె నవ్వి ఊరుకునేది. అరవై మూడు డిసెంబరులో మాత్రం ఆయన ఉన్నట్టుండి పట్టుబట్టాడు. కొడుకు నాగూర్ నెల్లూరులో బస్సుల షెడ్డులో మెకానిక్కు. కూతురు రషీదా అక్కడే టీచరు ట్రైనింగు చదువుతోంది. ఇద్దరూ సెలవులకు ఇంటికొచ్చి ఉన్నారు. "నలుగురం పోతుండాం, అంతే" అన్నాడు బడేసాహెబ్. షాహిదాబీ జ్వరమన్నది, పని ఉందన్నది, చలికి ఆగలేనన్నది. ఒక్కటీ సాగలేదు.

బయలుదేరేటప్పుడు ఆమె ముందు సీట్లో ఎక్కి కూర్చోవడం చూసి రషీదా నవ్వింది. "ఏందమ్మా, అబ్బా పక్కన దొరసానిలాగా! ఇదివరకు నువ్వు ముందు సీట్లో కూర్చోమంటే సిగ్గుపడేదానివే."

"వెనక కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుంది" అంది షాహిదాబీ, ముసుగు సర్దుకుంటూ.

ఏడాదిన్నర నుంచి ఆమె అలాగే కూర్చుంటోంది. బాడుగలకు కూడా ఏదో ఒక సాకు చెప్పి వెంట పోతోంది. అల్లూరు పోతూ మొదటిసారి ఆయన నడి రోడ్డు మీద కారాపి, "ఇది ఏ ఊరు?" అని అడిగాడు. అప్పటి నుంచి ఆమె దారంతా కబుర్లు చెప్పడం నేర్చుకుంది. "ఈ సున్నపు బట్టీ దగ్గర ఎడమకు తిరిగితే గదా మా పిన్నమ్మ ఊరు" అంటుంది. ఆయన ఎడమకు తిప్పుతాడు. "అదో, ఎద్దుల బండి అడ్డమొస్తోంది" అంటుంది. ఆయన నెమ్మది చేస్తాడు. చూసేవాళ్ళకు ముసలి మొగుడూ పెళ్ళాల ముచ్చట్లు అవి. ఆమెకు మాత్రం ఊపిరి బిగబట్టి చేసే కాపలా.

ఈ ప్రయాణం కోసం ఊళ్ళ పేర్లు కంఠతా పట్టింది. గూడూరు, నాయుడుపేట, కాళహస్తి, తిరుపతి, పీలేరు, మదనపల్లె. మైలు రాళ్ళ మీది అక్షరాలు కూడబలుక్కుంటూ, మాటల్లో పెట్టి అందిస్తూ పోయింది. పీలేరులో టీ తాగేటప్పుడు నాగూర్, "నేను తోలతా అబ్బా, నువ్వు కాసేపు కునుకు తియ్యి" అన్నాడు.

"నేనుండంగా నా స్టీరింగు ఇంకొకడికా?" అని బడేసాహెబ్ నవ్వుతూ తాళాలు జేబులో వేసుకున్నాడు. అప్పుడైనా కొడుకుతో ఒక్క మాట చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. భర్త ముఖంలో ఆ పొద్దు వెలుగుతున్న సంతోషం చూసి మింగేసింది.

కొండ మొదలయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. మంచు దిగుతోంది. కొండంటే ఏమిటో ఎరగని షాహిదాబీ, పక్కన నేల లేకుండా పోతుంటే తలుపు పిడి గట్టిగా పట్టుకుంది. రాళ్ళ మీద పేర్లు లేవు. ఎటు చూసినా ఒకటే తెలుపు. ఒక పెద్ద మలుపు దగ్గర రోడ్డు వెనక్కి విరిగినట్టు పైకి తిరిగింది. బడేసాహెబ్ సరిగ్గా అక్కడ కారాపేశాడు.

"షాహిదా" అన్నాడు మెల్లగా. "ఎటు?"

ఆమెకు తెలియదు. జీవితంలో మొదటిసారి ఆయనకు చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క మాట కూడా లేదు. పైనుంచి బస్సు హారను మోగింది. ఆయన పాదం బ్రేకు మీద నుంచి జారింది. కారు వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది.

రషీదా కెవ్వుమంది. నాగూర్ తలుపు తోసుకుని దూకాడు. రోడ్డు పక్క రాయి ఎత్తి వెనక చక్రం కింద పడేశాడు. కారు గుద్దుకుని ఆగింది. రెండు మూరల అవతల కొండ అంచు. దిగుతున్న బస్సు వాళ్ళను ఒరుసుకున్నంత పని చేసి, డ్రైవరు తిట్లతో సహా మంచులోకి పోయింది.

"పక్కకు జరుగు అబ్బా" అన్నాడు నాగూర్. బడేసాహెబ్ జరిగాడు. పైకి చేరగానే మాత్రం అలవాటుగా తాళాలు తీసి తన జేబులో వేసుకున్నాడు.

చెక్క ఇల్లు ఆయన చెప్పినట్టే ఉంది. కాపలాదారు మునెయ్య గోడ పొయ్యిలో కట్టెలు రాజేసి, వేడి టీ ఇచ్చి, మూడు రగ్గులు తెచ్చి పెట్టాడు. నీలగిరి ఆకుల వాసన గదంతా నిండింది. బడేసాహెబ్ మంట ముందు కూర్చుని చేతులు కాచుకుంటూ, కొండదారి సంగతి ఎన్నడూ జరగనట్టు, "చూసినావా, వెచ్చగా ఉందా?" అని భార్యను రెండుసార్లు అడిగాడు. కాసేపటికి కుర్చీలోనే నిద్రపోయాడు.

నాగూర్ తల్లిని వరండాలోకి పిలిచాడు. రషీదా కూడా వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్టా మరుస్తుండాడు?" అని అడిగాడు నాగూర్.

"ఏడాదిన్నర."

"ఏడాదిన్నర! అంటే ఈ ఏడాదిన్నరా ఊరి జనాన్ని, చంటి పిల్లల తల్లుల్ని ఆ కార్లో ఎక్కించుకుని తిప్పినాడు. నువ్వు పక్కన కూర్చుని చూస్తుండావు!"

"నేను దారి చెప్తానే ఉండాను గదరా."

"ఇవ్వాళ చెప్పినావా?"

షాహిదాబీ తల దించుకుంది.

"నాకు చెప్తే ఏమయ్యేదమ్మా? డాక్టరుకు చూపించేవాళ్ళం గదా" అంది రషీదా. ఆ గొంతులో కోపం కంటే ఏడుపే ఎక్కువుంది.

"చూపించినా తల్లీ. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదని ఆయనతో అబద్ధమాడి నెల్లూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోయినా. డాక్టరు ఆయన్ను కూడా మాటల్లో పెట్టి చూసి, దీనికి మందు లేదన్నాడు. మెల్లమెల్లగా అన్నీ మరుస్తాడంట. దారులు, పనులు, ఆఖరికి మనుషుల్ని. ఆ మాట విని బయటికొస్తే మీ నాయన సోడా తాగుతా, నీకొకటి కొట్టించేదా అన్నాడు. నేనేం చెప్పాల? ఎట్టా చెప్పాల?"

నాగూర్ గట్టిగా అన్నాడు. "రేపే ఆ తాళాలు తీసుకుంటా. తీసుకుని తీరతా."

"తీసుకో. నువ్వన్నది న్యాయం. తప్పంతా నాదే" అంది షాహిదాబీ. "ఒకటి మాత్రం అడుగుతా. ఆ చేతుల్లో నుంచి తాళాలు తీసినాక ఆ చేతులకు ఏం పని చెప్తావురా?"

ముగ్గురూ ఆ మంచులో నిలబడి ఒకరి ముఖం ఒకరు చూడలేకపోయారు.

పొద్దున ఎండ వచ్చాక మునెయ్య కట్టెల మోపుతో వచ్చాడు. బడేసాహెబ్ ఎదురుగా గట్టు మీద కూర్చుని, భుజాల చుట్టూ రగ్గు కప్పుకుని, పిల్లాడిలాగా నోట్లోంచి ఆవిరి వదిలి చూసుకుంటున్నాడు. మునెయ్య అటు చూసి, వరండా మెట్ల మీది షాహిదాబీతో అన్నాడు.

"మొత్తానికి అనుకున్నట్టే నిన్ను తోడుకొచ్చినాడమ్మా సాయిబన్న. పోయిన కార్తీకంలో వచ్చినప్పుడు ఈ మెట్ల మీదే కూర్చుని ఏడ్చినాడు."

"ఏడ్చినాడా? ఎందుకు?" ఈ ఏడాదిన్నరలో ఆయనను తాను ఒంటరిగా పంపింది ఆ ఒక్కసారే. కార్లో చోటు చాలలేదు.

"కిందికి దిగే దారి మరిచిపొయినాడమ్మా. నేనే ముందు కూర్చుని దారి చెప్తా దింపి వచ్చినాను. తల్లో ఏదో తెగిపోతా ఉంది మునెయ్యా, మా ఇంటామె దిగులుతో చచ్చిపోతుందని చెప్పడం లేదు అన్నాడు. దారి పూర్తిగా పోకముందే ఒక్కసారి ఆమెను ఈడికి తేవాల అన్నాడు."

షాహిదాబీ లేచి గట్టు దగ్గరికి నడిచింది. నాలుగు అడుగులే గానీ ఎంతకీ తరగలేదు. ఆయన పక్కన కూలబడింది.

"మీకు తెలుసా?" అంది.

ఆయన తిరిగి చూశాడు. ఆ పూట కళ్ళు తేటగా ఉన్నాయి.

"నువ్వు ముందు సీట్లో కూర్చున్నప్పుడే తెలిసింది షాహిదా. జన్మలో దారి పట్టించుకోనిదానివి, సున్నపు బట్టీలు లెక్కబెట్టడం మొదలుపెడితే నాకు తెలియదా?"

"మరి ఒక్క మాటన్నా చెప్పలేదే!"

"నువ్వు చెప్పినావా?"

ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. ఒకే కప్పు కింద, ఒకే భయాన్ని చెరొక వైపు దాచుకుని, ఒకరికొకరు నవ్వు ముఖాలు చూపించుకుంటూ ఏడాదిన్నర గడిపేశారు. పంచుకుని ఉంటే తరిగేది కాదు. కానీ ఆ భయంతో ఒంటరిగా మిగిలేవాళ్ళు కాదు. ఆయన తన రగ్గు కొస తీసి ఆమె భుజం మీద కప్పాడు.

"నిన్న ఆ మలుపులో నేను మిమ్మల్ని చంపేసేవాణ్ణి" అన్నాడు. "నాగూర్‌ను పిలువు."

కొడుకు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. బడేసాహెబ్ జేబులోంచి తాళాలు తీశాడు. వెంటనే ఇవ్వలేదు. కాసేపు గుప్పెట్లో ఉంచుకుని, తరువాత కొడుకు చేతిలో పెట్టి, ఆ వేళ్ళు తనే మూశాడు.

"దిగేటప్పుడు మొదటి గేరులోనే దిగాల. బ్రేకును నమ్ముకోవద్దు" అన్నాడు.

నాగూర్ అక్కడే మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి ఒళ్ళో తల పెట్టాడు. ముందు రోజు అంత గట్టిగా మాట్లాడినవాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. షాహిదాబీ ఆ తల నిమురుతూ కూర్చుంది తప్ప ఊరుకోమని అనలేదు.

అనుకున్న రెండు రోజులూ అక్కడే ఉన్నారు. మంట దగ్గర కూర్చున్నారు, చెట్ల కింద నడిచారు, రషీదా తండ్రితో చిన్నప్పటి సంగతులు చెప్పించుకుంది. కొన్ని ఆయన చక్కగా చెప్పాడు. కొన్ని సగంలో ఆగిపోయాయి. ఆగినచోట ఎవరూ తొందరపెట్టలేదు.

మూడో రోజు నాగూర్ కారు దించాడు. భార్యాభర్తలు వెనక సీట్లో కూర్చున్నారు. బడేసాహెబ్ కిటికీకి ముఖం ఆనించి లోయ చూస్తూనే ఉన్నాడు.

"ఎన్నిసార్లు ఎక్కి దిగినానో ఈ కొండ. కింద ఇంత పచ్చగా ఉంటుందని తెలియదే. రోడ్డు మీద నుంచి చూపు తిప్పితే గదా" అన్నాడు.

కొండ దిగి చదును రోడ్డెక్కాక ఆయన భార్య చెయ్యి తట్టాడు.

"ఎక్కడికి పోతుండాం?"

"కావలికండీ. మనింటికి."

తల ఊపాడు. అరమైలు పోకముందే మళ్ళీ అడిగాడు. షాహిదాబీ నోరు తెరిచేలోగా ముందు సీట్లోంచి రషీదా వెనక్కి తిరిగింది. "మనింటికే అబ్బా, కావలికి."

మూడోసారి అడిగినప్పుడు షాహిదాబీ ముసుగు కొసతో కళ్ళు తుడుచుకుంది, రషీదా కిటికీ వైపు తిరిగింది. నాగూర్ కారు నెమ్మది చేశాడు. రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా, ఆ ప్రశ్న మొదటిసారి విన్నవాడిలాగే బదులిచ్చాడు.

"ఇంటికి పోతుండాం అబ్బా. నేను తీసుకుపోతుండా."